ఎవరి లెక్క వారిదే: షోయబుల్లా ఖాన్ జీవితం

మనిషి స్వతంత్రుడా? లేక విధి ఆడించినట్టు ఆడే కీలుబొమ్మా? పండితుల సభల్లో వినిపించే ఈ ప్రశ్న మన ఇళ్ళలోనూ రోజూ వినిపిస్తూనే ఉంటుంది. పరీక్ష తప్పిన కుర్రవాడు నసీబు బాగాలేదంటాడు. పాలలో నీళ్ళు కలిపేవాడు బజారంతా ఇలాగే ఉంది, నేనొక్కణ్ణి మారితే ఏమవుతుందంటాడు. మొదటివాడు తన తప్పును తక్దీర్ మీదికి నెట్టాడు. రెండోవాడు జనం మీదికి నెట్టాడు. తక్దీర్ సాకు గురించి మన పెద్దలు, ధర్మపండితులు చాలా రాశారు, చాలా బోధించారు. జనం సాకు గురించి మాత్రం మనం అంతగా మాట్లాడుకోం. చూడబోతే ఈ కాలంలో ఎక్కువమందిని ముంచుతున్నది ఈ రెండోదే.

అందుకని ఈ నెల మన తెలుగు గడ్డ మీదే పుట్టి, హైదరాబాదు వీధుల్లో ప్రాణాలు వదిలిన ఒక యువకుని జీవితాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఆయన పేరు షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ దినపత్రిక సంపాదకులు. చనిపోయేనాటికి ఆయనకు ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆయన పేరు చాలామంది విన్నారు. ఏటా సెప్టెంబరు 17 దగ్గరపడగానే ప్రతి పార్టీవాళ్ళూ ఆ పేరు తలచుకుంటారు, తమకు కావలసినంత వాడుకుంటారు. అయితే ఒక విశ్వాసి కంటితో ఆ జీవితాన్ని చదివినవారు తక్కువ.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబరులో ఖమ్మం ప్రాంతంలోని సుబ్లేడు గ్రామంలో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. తల్లి లాయహున్నిసా బేగం. అంటే ఆయనది రైల్వే కుటుంబం. ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. 1893 నుండి నిజాం రైల్వే వర్క్‌షాపు నడిచిన మన లాలాగూడలో తాతల నాటి నుండి రైల్వే జీతం మీదే బతికిన ముస్లిం కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. క్వార్టర్లు, బదిలీలు, రాత్రి డ్యూటీలు, ఇంట్లో ఎవరున్నా లేకున్నా గంట కొట్టేసరికి పనిలో ఉండాలన్న క్రమశిక్షణ, ఇవన్నీ ఆ ఇళ్ళవారికి తెలుసు. షోయబుల్లా ఖాన్ పెరిగింది అలాంటి ఇంట్లోనే.

ఆయన పుట్టిన రోజుల్లో గాంధీజీ ఆ దారిన రైల్లో వెళ్తుంటే తండ్రి చూశారని, ఆ అభిమానంతో బిడ్డను ముద్దుగా షోయబుల్లా గాంధీ అని పిలిచేవారని చెబుతారు. కథ బాగుంది గాని, దానిమీద ఎక్కువ భవనాలు కట్టడం మాకిష్టం లేదు. పేరు పెట్టడం తండ్రి చేతిలో పని. ఎలా బతకాలన్నది కొడుకు చేతిలో పని. మంచి పేరున్నవాళ్ళు చెడ్డదారి పట్టడం, ఏ పేరూ లేని ఇంటి నుండి గొప్పవాళ్ళు రావడం మనం చూస్తూనే ఉన్నాం. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) కుమారుని సంగతి తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కరలేదు.

షోయబుల్లా ఖాన్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి పట్టా పుచ్చుకున్నారు. 1918లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయంలో ఉన్నత విద్య అంతా ఉర్దూలో సాగేది. అక్కడ చదివిన ముస్లిం యువకునికి ఆనాటి నిజాం ప్రభుత్వంలో కొలువు దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. షేర్వానీ తొడుక్కొని, ఫైళ్ళ మధ్య కూర్చొని, నెల తిరగ్గానే జీతం తెచ్చుకొని, పింఛను వరకు సుఖంగా బతకవచ్చు. అందులో తప్పేమీ లేదు. హలాల్ సంపాదనే. ఆయన మాత్రం పత్రికారంగాన్ని ఎంచుకున్నారు. అదీ ప్రభుత్వాన్ని పొగిడే పత్రిక కాదు. 'తేజ్' అనే ఉర్దూ వారపత్రికలో చేరి పాలనలోని లోపాలను రాయసాగారు. ప్రభుత్వం ఆ పత్రికను ఆపేసింది. తర్వాత మందుముల నరసింగరావు గారు నడుపుతున్న 'రయ్యత్' ఉర్దూ దినపత్రికలో ఉపసంపాదకులుగా చేరారు. రయ్యత్ అంటే ప్రజ, రైతు అని అర్థం. పేరుకు తగ్గట్టే ఆ పత్రిక రైతుల గోడు రాసింది, జాగీర్దార్ల దౌర్జన్యాలను రాసింది. అదీ మూతపడింది.

రెండు పత్రికలు మూతపడ్డాక ఎవరైనా ఏం చేస్తారు? నా రాతలో పత్రిక లేదులే అని సరిపెట్టుకుంటారు. ఇంట్లో పెద్దలు కూడా అదే సలహా ఇస్తారు. నిజానికి తక్దీర్ అనే మాట ఎక్కువగా వాడుకలోకి వచ్చేది ఇలాంటి సమయంలోనే. షోయబుల్లా ఖాన్ తానే ఒక పత్రిక పెట్టాలని నిర్ణయించుకున్నారు. బూర్గుల రామకృష్ణారావు గారి వంటివారు తోడ్పడ్డారు. 1947 నవంబరులో 'ఇమ్రోజ్' మొదలైంది. ఇమ్రోజ్ అంటే నేడు.

ఇక్కడ కాస్త ఆగి, తక్దీర్ విషయం మాట్లాడుకుందాం. లేకపోతే ఆయన చేసిన పని విలువ అర్థం కాదు.

ముస్లిం సముదాయంలో తొలి శతాబ్దంలోనే ఈ చర్చ తలెత్తింది. మనిషికి ఏ ఇఖ్తియారూ లేదు, గాలికి కొట్టుకుపోయే ఆకులాంటివాడు అన్నవారిని జబ్రియా అన్నారు. మనిషి తన పనులకు తానే పూర్తి కర్త, అందులో దైవనిర్ణయం ప్రసక్తే లేదన్నవారిని ఖదరియా అన్నారు. ఆనాటి కొందరు పాలకులకు మొదటి వాదం బాగా నచ్చింది. ఎందుకు నచ్చదు? మేము చేసిన జులుం అంతా దైవనిర్ణయమే అనుకోండని ప్రజలకు చెప్పుకోవచ్చు కదా! అందుకే ఈ వాదాన్ని ఖండించిన పండితులు పాలకుల కోపానికి గురయ్యారు. తర్వాతి కాలంలో ఇమామ్ అష్అరీ, ఇమామ్ మాతురీదీ వంటివారు మధ్యేమార్గాన్ని వివరించారు. సృష్టించేది అల్లాహ్. అయితే దాన్ని తన సంకల్పంతో సంపాదించుకునేది మనిషి. ఆ సంపాదనకే లెక్క. పండితుల పరిభాషలో దీన్ని కస్బ్ అంటారు. మన ఇళ్ళలో కసబు అంటే పని, జీవనోపాధి. మనిషి తన కర్మను కూడా జీతం సంపాదించుకున్నట్టే సంపాదించుకుంటాడన్నమాట.

ఇంత లోతుగా వద్దు, సులభంగా చెప్పమంటారా? హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న రోజుల్లో, క్రీ.శ. 639 ప్రాంతంలో, సిరియాకు ప్రయాణమయ్యారు. సర్గ్ అనే చోటికి చేరేసరికి ముందు ఊళ్ళలో మహమ్మారి వ్యాపించిందని సేనానులు వచ్చి చెప్పారు. ఆయన సహచరులను సంప్రదించి వెనక్కి తిరగాలని నిర్ణయించారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) అభ్యంతరం చెప్పారు, ఇది దైవనిర్ణయం నుండి పారిపోవడం కాదా అని. హజ్రత్ ఉమర్ ఇచ్చిన జవాబు సారాంశం ఏమిటంటే, వెనక్కి తిరగడం కూడా దైవనిర్ణయం లోపలి పనే. ఒంటెల కాపరి లోయలో దిగాడు. ఒక వైపు పచ్చిక ఉంది, మరో వైపు బీడు ఉంది. ఎటు తోలుకెళ్ళినా అల్లాహ్ నిర్ణయం దాటిపోడు. కాని ఎటు తోలాలన్నది ఆలోచించవలసింది మాత్రం కాపరే.

లాలాగూడలో పెరిగిన పిల్లలకు మేమైతే రైలుతో చెబుతాం. పట్టాలు ఎవరో వేశారు. డ్రైవరు వాటిని జరపలేడు, వేరే ఊరివైపు తిప్పలేడు. అది అతని తక్దీర్. కాని వేగం అతని చేతిలో ఉంది. బ్రేకు అతని చేతిలో ఉంది. ఎర్ర సిగ్నల్ కనిపించినప్పుడు ఆగడమో, ఆగకపోవడమో అతని చేతిలో ఉంది. ప్రమాదం జరిగితే విచారణ జరుపుతారు. ఆ విచారణలో డ్రైవరును, గార్డును, స్టేషన్ మాస్టరును, పాయింట్స్‌మన్‌ను విడివిడిగా పిలిచి అడుగుతారు. పట్టాలు ఎందుకు అటు వేశావని డ్రైవరును ఎవరూ అడగరు. బ్రేకు ఎందుకు వేయలేదని అడుగుతారు. అవతలివాడి తప్పు చూపించి ఇవతలివాడు తప్పించుకోలేడు. అమానత్ అంటే ఇదే. ఆకాశాలు, భూమి, పర్వతాలు మోయలేమని వెనుకాడిన ఆ బరువును మనిషి నెత్తికెత్తుకున్నాడని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. పర్వతానికి లెక్క లేదు, ఎందుకంటే దానికి బ్రేకు లేదు.

ఇప్పుడు 1947 నాటి హైదరాబాదుకు వద్దాం. 1941 జనాభా లెక్కల ప్రకారం సంస్థానంలో దాదాపు 1 కోటి 63 లక్షలమంది ఉండేవారు. అందులో ముస్లింలు 13 శాతం లోపే. దేశం స్వతంత్రమైంది. నిజాం ఏ దేశంలోనూ కలవకుండా 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. మజ్లిసె ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకులు బహాదుర్ యార్ జంగ్ 1944లోనే మరణించారు. ఆయన తర్వాత కొంతకాలానికి ఆ సంస్థ లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి వచ్చింది. దాని వాలంటీర్లే రజాకార్లు. రజాకార్ అంటే స్వచ్ఛందంగా సేవచేసేవాడు. ఎంత మంచి మాట! ఆ మాటను ఏ గతికి తెచ్చారో చూడండి. ఈనాటికీ తెలంగాణ పల్లెల్లో దాన్ని తిట్టుగానే వాడతారు.

ఆనాటి ముస్లింల మనసులో భయం లేదని మేము అనం. ఉత్తరాదిన విభజన రక్తపాతం జరుగుతోంది. ఇరుగుపొరుగు రాష్ట్రాల నుండి ఇళ్ళు పోగొట్టుకున్నవారు వేల సంఖ్యలో హైదరాబాదు చేరుకుంటున్నారు. నల్లగొండ, వరంగల్లు ప్రాంతాల్లో సాయుధ పోరాటం సాగుతోంది. రేపేమవుతుందోనన్న ఆందోళన ప్రతి ఇంట్లో ఉంది. భయపడిన జనానికి బిగ్గరగా మాట్లాడే నాయకుడు ధైర్యవంతుడిలా కనిపిస్తాడు. భయం మనిషి దోషం కాదు. అయితే ఆ భయంతో చేసిన పనికి మాత్రం మనిషే బాధ్యుడు. బీబీనగర్‌లో ఇళ్ళు దోచినప్పుడు, పల్లెల్లో పంటలు తగలబెట్టినప్పుడు, అమాయకుల ప్రాణాలు తీసినప్పుడు ఆ పని చేసిన చేతులు ఎవరివో వారివే. నాయకుడు చెప్పాడు, అందరూ వెళ్ళారు, నేనూ వెళ్ళాను అన్నది అక్కడ చెల్లదు. మేము మా సర్దారులను, మా పెద్దలను అనుసరించామని పరలోకంలో మొత్తుకునేవారి గురించి ఖుర్ఆన్ హెచ్చరించింది. ఆ మొత్తుకోలు వారికి ఏ విధంగానూ ఉపయోగపడదని కూడా చెప్పింది. ప్రళయదినాన ఏ జమాఅత్తూ జమాఅత్తుగా లెక్క అప్పగించదు. ప్రతివాడూ ఒంటరిగా వస్తాడు.

ఇమ్రోజ్ ఈ జులుం గురించి రాసింది. పగలు ఒక ప్రభుత్వం, రాత్రి మరో ప్రభుత్వం నడుస్తున్నాయన్న అర్థంలో రాసింది. ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలని, భారత దేశంలో కలవడమే సంస్థానానికి, అందులోని ముస్లింలకు కూడా మేలని వాదించింది. ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. షోయబుల్లా ఖాన్ ఇంగ్లీషులో రాసి ఢిల్లీ పెద్దలకు చూపించుకోలేదు. ఉర్దూలో రాశారు. తన వాళ్ళ భాషలో, తన వాళ్ళ కోసం, తన వాళ్ళ ముఖం మీదే చెప్పారు. తండ్రో అన్నో తప్పు చేస్తున్నప్పుడు పక్కింటికి వెళ్ళి చెప్పేవాడు వేరు, ఇంట్లోనే నిలబడి వద్దనేవాడు వేరు.

అయినా ఆయన మీద ద్రోహి అనే ముద్ర పడింది. సముదాయం కష్టంలో ఉన్నప్పుడు ఐకమత్యం కావాలా, విమర్శ కావాలా అని అడిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ప్రశ్న తేలికగా తీసెయ్యవలసింది కాదు. ఐకమత్యం దైవాజ్ఞ. విచ్ఛిన్నం విశ్వాసులకు తగదు. అయితే దేని మీద ఐకమత్యం? సోదరుడు జులుంకు గురైతే అతనికి సహాయం చేయాలి, జులుం చేస్తుంటే కూడా సహాయం చేయాలి అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. జులుం చేసేవాడికి సహాయమేమిటని సహచరులు ఆశ్చర్యపోతే, అతని చేయి పట్టి ఆపడమే ఆ సహాయమని వివరించారు. ఈ హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. కాని దీన్ని వీధిలో, పంచాయితీలో, ఎన్నికల్లో వాడుకునేవారు ఎంతమంది? న్యాయం కోసం స్వయంగా తమకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పవలసి వచ్చినా చెప్పమని ఖుర్ఆన్ ఆదేశిస్తోంది. మావాడు గనుక ఒప్పు అనుకోవడాన్ని అసబియత్ అంటారు. దైవప్రవక్త (సఅసం) రూపుమాపడానికి వచ్చిన అజ్ఞానకాలపు జబ్బుల్లో అది పెద్దది.

షోయబుల్లా ఖాన్ ఒక్కరే అనుకోకండి. 1948 ఆగస్టులో హైదరాబాదుకు చెందిన ఏడుగురు ముస్లిం ప్రముఖులు కలిసి ఒక ప్రకటన చేశారు. రజాకార్ల సంస్థను రద్దు చేయాలని, సంస్థానం భారత దేశంలో కలవాలని అందులో కోరారు. బాఖర్ అలీ మీర్జా, ఫరీద్ మీర్జా ఆ ఏడుగురిలోనివారే. ఫరీద్ మీర్జా నాందేడ్ ప్రాంతంలో రెవెన్యూ అధికారిగా పనిచేస్తూ, కళ్ళెదుట జరుగుతున్న ఆగడాలను సహించలేక ఉద్యోగానికి రాజీనామా చేసినవారు. ఒకరి చేతిలో కలం ఉంది, ఆయన రాశారు. మరొకరి చేతిలో కుర్చీ ఉంది, ఆయన దాన్ని వదిలేశారు. ఎవరి శక్తికి తగ్గ బాధ్యత వారిది. అల్లాహ్ ఏ ప్రాణి మీదా శక్తికి మించిన భారం మోపడు. ఆనాడు బజారులో బట్టలు కుట్టుకొని బతికే పేదవాణ్ణి, సంపాదకీయం ఎందుకు రాయలేదని ఎవరూ అడగబోరు. దోపిడీ సొత్తు చవకగా దొరికితే కొన్నావా అని అడుగుతారు. చెడును చేతితో ఆపగలిగినవాడు చేతితో, లేకుంటే నోటితో, అదీ కాకుంటే మనసులోనైనా అసహ్యించుకోవాలని దైవప్రవక్త (సఅసం) పెట్టిన మెట్లు ఇందుకే. కడపటి మెట్టు కూడా దిగిపోయినవాడికే దిక్కులేదు.

ఆ ఏడుగురి ప్రకటనను ఇమ్రోజ్ ప్రచురించింది. ఈ ప్రకటన వచ్చిన రోజుల్లోనే ఖాసిం రజ్వీ ఒక బహిరంగ సభలో, తమకు వ్యతిరేకంగా ఎత్తే చేతులను నరికేయాలన్న అర్థంలో ప్రసంగించాడు. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో నగరంలో అందరికీ అర్థమైంది. బెదిరింపు ఉత్తరాలు అంతకుముందు నుండే వస్తున్నాయి. ఊరు విడిచి వెళ్ళవచ్చు. కొన్నాళ్ళు పత్రిక ఆపవచ్చు. ఏమీ తెలియనట్టు వాతావరణం గురించి, ధరల గురించి రాసుకోవచ్చు. ఈ దారులన్నీ తెరిచే ఉన్నాయి. ఏ దారీ లేక చచ్చిపోయినవాణ్ణి మనం దురదృష్టవంతుడంటాం. షోయబుల్లా ఖాన్ సంగతి అది కాదు. ఆయన ముందు బతికే దారులు ఉన్నాయి, ఆయన వాటిని చూశారు, చూసి కూడా తన పనికి వెళ్ళారు. స్వేచ్ఛ అంటే ఎన్నో దారులు ఉండటమని ఈ రోజుల్లో అనుకుంటున్నారు. అంగట్లో వంద రకాల సబ్బులుంటే స్వేచ్ఛ అన్నట్టు! నేను చేసిన ఈ పని నాదే, దీనికి జవాబు నేనే చెప్పుకుంటానని నిలబడగలవాడే స్వతంత్రుడు. ఆ మాట అనలేనివాడు ఎన్ని దారులున్నా బానిసే.

1948 ఆగస్టు 21 అర్ధరాత్రి. షోయబుల్లా ఖాన్ కాచిగూడలోని పత్రిక పని ముగించుకొని ఇంటికి బయలుదేరారు. బావమరిది ఇస్మాయిల్ ఖాన్ వెంట ఉన్నారు. దారిలో దుండగులు దాడి చేశారు. తుపాకీతో కాల్చారు. రాసే చేతిని కత్తితో నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ చేతిని కూడా నరికారు. ఆగస్టు 22 తెల్లవారుజామున షోయబుల్లా ఖాన్ కన్నుమూశారు. ఇన్నాలిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఇస్మాయిల్ ఖాన్ ప్రాణాలతో బయటపడ్డారు. ఇమ్రోజ్ ఆగిపోయింది.

ఆయనను షహీద్ అనవచ్చా అని అడిగేవారుంటారు. ఆ బిరుదు పంచడం పత్రికల పని కాదు, పార్టీల పని అంతకంటే కాదు. ఎవరి సంకల్పం ఎలాంటిదో చూసి నిర్ణయించేది అల్లాహ్. జులుంకు వ్యతిరేకంగా మాట్లాడినందుకు చంపబడ్డారన్నంతవరకు మేము చెప్పగలం. ఆ చంపినవారు కూడా కలిమా చదివినవారే, బహుశా ఆ రోజు నమాజు కూడా చేసినవారే అన్నది మనం మింగలేని నిజం.

మూడు వారాలు గడిచాయి. సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు వైపుల నుండి సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోతున్నట్టు ప్రకటించాడు. రజాకార్ల ప్రగల్భాలు అయిదు రోజులు కూడా నిలవలేదు. ఖాసిం రజ్వీ అరెస్టయ్యాడు. కొన్నేళ్ళు జైలు శిక్ష అనుభవించి, 1957లో విడుదలై, పాకిస్తాన్‌కు వెళ్ళిపోయాడు. 1970లో అక్కడే మరణించాడు.

వెళ్ళిపోలేనివాళ్ళ సంగతేమిటి? ఇది కూడా చెప్పకుండా షోయబుల్లా ఖాన్ కథ ముగిస్తే అన్యాయం చేసినట్టవుతుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, చెడు ఓడింది, మంచి గెలిచిందని. సైనిక చర్య జరుగుతున్నప్పుడు, ఆ తర్వాత వారాల్లోనూ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముఖ్యంగా, మిగతా చోట్ల కొంత తక్కువగా, ముస్లింల మీద పెద్దయెత్తున హత్యాకాండ జరిగింది. 1948 చివర్లో కేంద్ర ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో ఒక బృందాన్ని పంపింది. వారు పల్లెపల్లె తిరిగి రాసిన నివేదిక ప్రకారం చనిపోయినవారు 27 వేల నుండి 40 వేల వరకు ఉంటారు. అందులో రజాకార్లతో ఏ సంబంధమూ లేని రైతులు, నేతవాళ్ళు, చిల్లర వ్యాపారులు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ఖాసిం రజ్వీ పేరు మీద వాళ్ళు చచ్చిపోయారు.

ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ పదేపదే చెప్పే మాట. ఈ సూత్రానికి రెండు వైపులున్నాయి. మందలో దాక్కొని నేరం చేసినవాణ్ణి మంద కాపాడలేదన్నది ఒక వైపు. నేరం చేసినవాడి మందకు చెందినవాడని నిరపరాధిని శిక్షించకూడదన్నది రెండో వైపు. రజాకార్లు మొదటి వైపును తొక్కేశారు. ప్రతీకారం పేరుతో పల్లెల మీద పడినవారు రెండో వైపును తొక్కేశారు. మనవాళ్ళలో కొందరు రెండోదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు, సెప్టెంబరు రాగానే దాని గురించే మాట్లాడతారు. ఇతరుల్లో కొందరు మొదటిదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. షోయబుల్లా ఖాన్ హత్యను, ఆ పల్లెల శవాలను ఒకే త్రాసులో తూచగలిగినవాడికే ఈ సూత్రం అర్థమైనట్టు. మీరు ముస్లింలు, మీరు ఫలానావాళ్ళ చర్యకు క్షమాపణ చెప్పండని ఈ రోజు మన పిల్లల్ని బడిలోనో, ఆఫీసులోనో ఎవరైనా నిలదీస్తే, అది ఎందుకు అన్యాయమో వారికి వివరించగలగాలి. ఆ మాట మనం ధైర్యంగా అనాలంటే, మన వీధిలో తప్పు చేసిన మనవాణ్ణి మనం వెనకేసుకు రాకూడదు. ఒక వైపు వదిలేసి రెండో వైపు పట్టుకుంటే కుదరదు.

సుందర్‌లాల్ నివేదికను ప్రభుత్వం ఏళ్ళ తరబడి బయటపెట్టలేదు. 2013లో ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. హత్యల వివరాలతో పాటు అందులో మరో సంగతి ఉంది. కొన్ని ఊళ్ళలో హిందువులు తమ ముస్లిం ఇరుగుపొరుగువారిని ఇళ్ళలో దాచి కాపాడారు. అపహరణకు గురైన ముస్లిం స్త్రీలను వెతికి తేవడానికి కొందరు హిందువులే సాయపడ్డారు. ఒకే వృత్తిలో ఉన్నవారి మధ్య ఈ ఆత్మీయత మరీ ఎక్కువగా కనిపించిందని ఆ బృందం గమనించింది. హిందూ నేతకార్మికులు కొన్ని చోట్ల ముస్లిం నేతకార్మికుల కోసం తమవారికే ఎదురు నిలిచారు. అలా నిలిచినందుకు వాళ్ళలో కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.